రొయ్యల గుంట పుస్తకంతో డేటా సైన్స్ నేర్చుకోవడం: మొదటి అడుగు నుంచి మొదటి మోడల్ దాకా

"డేటా సైన్స్‌కి ఏ కోర్సు మంచిదన్నా?" అని డిగ్రీ చదివే పిల్లలు తరచూ అడుగుతుంటారు. నేను తిరిగి ఒకటి అడుగుతాను: మీ ఇంట్లో లెక్కలు రాసే పుస్తకం ఏదైనా ఉందా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో లేదనే ఇల్లు తక్కువ. గుంటలు ఉన్నవాళ్లకి మేత పుస్తకం ఉంటుంది. టంగుటూరు, కొండపి వైపు పొగాకు రైతులకి వేలం కేంద్రంలో ఇచ్చిన బేళ్ల చీటీలుంటాయి. పొదలకూరు వైపు నిమ్మతోటల వాళ్ల దగ్గర మార్కెట్ పట్టీలు, ఊళ్లో అంగడి నడిపేవాళ్ల దగ్గర ఖాతా పుస్తకం. నేర్చుకోవడం అక్కడ మొదలుపెట్టాలి. కోర్సు తర్వాత.

ఎందుకంటే నేను తిరగేసి మొదలుపెట్టాను. ఒక కోచింగ్ సెంటర్‌లో ఫీజు కట్టి ఆరు నెలలు కూర్చున్నాను. టైటానిక్ ఓడ ప్రయాణికుల్లో ఎవరు బతుకుతారో చెప్పే మోడల్ కట్టాను, సర్టిఫికెట్ కూడా వచ్చింది. ఆ ఎండాకాలం మా బావ తన గుంటల పుస్తకం చేతికిచ్చి, "ఈసారి మేత ఎక్కువైంది, దిగుబడి తగ్గింది. ఎక్కడ పోయిందో చూడబ్బయా" అన్నాడు. ఆ పుస్తకం ముందు రెండు రోజులు కూర్చున్నా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆ తర్వాత నేను నిజంగా నేర్చుకున్నదంతా ఆ పుస్తకం నుంచే. ఆ వరసలోనే మీకూ చెబుతాను. ఇందులో గుంట లెక్కలన్నీ ఉదాహరణ కోసం గుండ్రంగా వేసుకున్నవి. మీ దగ్గర వేరే పుస్తకం ఉంటే పేర్లు మార్చుకోండి, పని అదే.

1. ముందు ఒక్క ప్రశ్న రాసుకోండి

"డేటాలో ఏముందో చూద్దాం" అని కూర్చుంటే ఏమీ దొరకదు. ప్రశ్న ఒక్క వాక్యంలో ఉండాలి, జవాబు దొరికితే ఎవరో ఒకరు చేసే పని మారాలి. "దిగుబడి ఎందుకు తగ్గింది?" అనేది చాలా పెద్ద ప్రశ్న. దాన్ని నేను ఇలా కోశాను: "మూడు గుంటల్లో ఏ గుంట మేత ఎక్కువ తిని తక్కువ పెరిగింది, ఏ వారం నుంచి?"

దీనికి రైతుల దగ్గర ఎప్పటి నుంచో కొలత ఉంది. వేసిన మేతని పట్టుబడి బరువుతో భాగిస్తారు, దాన్ని ఎఫ్‌సీఆర్ అంటారు. 4,200 కిలోల మేత వేసి 3,000 కిలోలు పడితే 1.4. ఇలా ఒక రంగంలో పనిచేసేవాళ్లు ముందే వాడుతున్న కొలతల్ని తెలుసుకోవడం డేటా అనలిస్టు చేయాల్సిన తొలి పని. ఏ కోర్సులోనూ దీనికి అధ్యాయం ఉండదు. గట్టు మీద నిలబడి అడగాలి.

2. పుస్తకాన్ని షీట్‌లోకి ఎక్కించండి

ఎక్సెల్, గూగుల్ షీట్స్, ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ క్యాల్క్, ఏదైనా సరే. ఒక్క నియమం గట్టిగా పట్టుకోండి: ఒక వరుస అంటే ఒక గుంటకి ఒక రోజు. ఒక నిలువు గడి అంటే ఒకే విషయం. తేదీ, గుంట, మేత కిలోలు, డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్), తూచిన రోజు రొయ్య సగటు బరువు, చనిపోయినవి, మాటల్లో రాసిన గమనిక. అంతే.

చెప్పడానికి తేలికే. బావ పుస్తకం తెరిస్తే ఒక రోజు మేత గడిలో "2" అని ఉంది, మరుసటి రోజు "55". రెండు కిలోలు వేసి, తెల్లారి యాభై ఐదు వేస్తారా? అడిగితే తెలిసింది. బావ కిలోల్లో రాస్తాడు, కాపలా ఉండే అతను బస్తాల్లో రాస్తాడు. బస్తా 25 కిలోలు, అంటే ఆ "2" యాభై కిలోలు. ఇంకో చోట "20+15+15" అని మూడు పూటల మేత ఒకే గడిలో ఉంది. షీట్‌కి అది అంకె కాదు, అక్షరాలు. మొత్తం కూడితే దాన్ని చప్పుడు లేకుండా వదిలేస్తుంది, తప్పు జరిగిందని కూడా చెప్పదు.

ఖాళీ గడుల దగ్గర నేను ఎక్కువ రోజులు ఆగాను. చనిపోయినవి అనే గడి ఖాళీగా ఉంటే ఏమీ చావలేదనా, ఆ రోజు చూడలేదనా? ఈ రెండూ వేరు. సున్నా ఒక కొలత, ఖాళీ కొలత లేకపోవడం. ఖాళీలన్నిటినీ సున్నాలతో నింపేస్తే గుంట చాలా ఆరోగ్యంగా కనిపిస్తుంది. తెలియనిది ఖాళీగానే ఉంచండి.

తేదీలతో కూడా జాగ్రత్త. మనం 5/6 అంటే జూన్ 5. కంప్యూటర్ సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉంటే దాన్ని మే 6గా తీసుకుంటుంది. 12వ తేదీ దాటిన వరుసలు మాత్రం తేదీలుగా మారకుండా ఒక పక్కకి జరిగి నిలబడతాయి. అలా కనిపిస్తే పైవన్నీ తారుమారయ్యాయని అర్థం.

అసలు షీట్‌ని ముట్టుకోకుండా ఒక కాపీ దాచి, దిద్దుబాట్లు వేరే కాపీలో చేయండి. ఏం మార్చారో, ఎందుకు మార్చారో ఇంకో షీట్‌లో తేదీ వేసి రాసుకోండి. ఉద్యోగంలో కూడా సగానికి పైగా సమయం నాకు ఈ శుభ్రం చేసే పనికే పోతుంది. ఇది విసుగు పని అనుకునేవాళ్లు ఈ రంగంలో నిలబడలేరని నా నమ్మకం.

3. సగటుని నమ్మే ముందు

పదో తరగతిలో అంకమధ్యమం, మధ్యగతం, బాహుళకం అని చదివి మార్కులు తెచ్చుకున్నాం. ఇప్పుడు వాటిని చేత్తో పట్టుకుని చూద్దాం.

వల విసిరి పది రొయ్యలు తీసి ఒక్కొక్కటే తూచామనుకోండి. గ్రాముల్లో: 11, 12, 12, 13, 13, 14, 14, 14, 15, 32. మొత్తం 150, సగటు 15 గ్రాములు. కౌంటు అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది కదా, వెయ్యిని 15తో భాగిస్తే సుమారు 67 కౌంటు. ఇప్పుడు ఆ 32ని చూడండి. ఒకే రోజు వదిలిన రొయ్య పిల్లల్లో ఒక్కటి మిగతా వాటికి రెండింతలు పెరిగిందా? పుస్తకం తీసి చూస్తే అది 12. ఒకటి మీద గీత వంకర పోయి మూడులా కనిపించింది. సరిచేస్తే మొత్తం 130, సగటు 13 గ్రాములు, 77 కౌంటు. ఒక్క అంకెతో కౌంటు పది మారింది. కొనేవాళ్లు ధర కట్టేది కౌంటుని బట్టే కాబట్టి ఇది చిన్న తేడా కాదు.

అదే బరువుల్ని వరసలో పెట్టి మధ్యలోది చూడండి. తప్పున్నప్పుడు మధ్యగతం 13.5, సరిచేశాక 13. అర గ్రాము మాత్రమే కదిలింది. అందుకే కొత్త డేటా చేతికి రాగానే సగటు, మధ్యగతం రెండూ పక్కపక్కన వేసుకుంటాను. రెండూ దూరంగా ఉంటే ఎక్కడో ఒక పెద్ద అంకె లాగుతోందన్నమాట. అది తప్పు కావచ్చు, నిజం కూడా కావచ్చు. తీసేసే ముందు వెళ్లి కనుక్కోవాలి.

తర్వాత వ్యాప్తి. ఒక గుంటలో 13, 14, 14, 15. ఇంకో గుంటలో 8, 10, 18, 20. రెండిటి సగటూ 14 గ్రాములే. రెండో గుంట వాళ్లకి సైజుల తేడాతో నిద్ర పట్టదు. సగటు దాచిపెట్టిన ఈ తేడాని చూపించేదే క్రమ విచలనం, ఇంగ్లిష్‌లో స్టాండర్డ్ డీవియేషన్. కొలతలు సగటు నుంచి మామూలుగా ఎంత దూరంలో ఉంటాయో అది చెబుతుంది. సూత్రం తర్వాత నేర్చుకున్నా పర్వాలేదు, ఏ సగటునైనా అది లేకుండా ఒంటరిగా చెప్పకుండా ఉంటే చాలు.

ఇక నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. రెండు గుంటల్లో కౌంటు 40, 100 అని ఉంటే నేను కూడి రెండుతో భాగించి, సగటు 70 అని రాశాను. బావ చూసి, "డెబ్బై ఎట్టా వస్తది? రెండు గుంటల్లోనూ రొయ్యలు సమానంగానే ఉండాయి కదా" అన్నాడు. ఆయన లెక్కలు చదువుకోలేదు, కానీ చెప్పింది సరైనదే. 40 కౌంటు రొయ్య 25 గ్రాములు, 100 కౌంటుది 10 గ్రాములు. రెండు గుంటల్లో రొయ్యల సంఖ్య సమానమైతే సగటు రొయ్య 17.5 గ్రాములు, అంటే 57 కౌంటు. నా 70 ఎప్పుడు నిజమవుతుంది? రెండు గుంటల నుంచీ సమానమైన కిలోలు పట్టినప్పుడు. రెండు జవాబులూ సరైనవే, అడిగిన ప్రశ్నలు వేరు. "కిలోకి ఇన్ని, లీటరుకి ఇంత" అనే రూపంలో ఉన్న ఏ కొలతకైనా, అది మైలేజీ కానీ ఎకరా దిగుబడి కానీ, నేరుగా సగటు తీసేముందు కాగితం మీద ఇలా ఒక చిన్న లెక్క వేసుకోండి. ఇలా ఒక్కోదాని వాటాని (సంఖ్యో, బరువో) లెక్కలోకి తీసుకుని వేసే సగటునే భారిత సగటు అంటారు.

4. బొమ్మ గీయండి

1973లో ఆన్‌స్కోంబ్ అనే గణాంక శాస్త్రవేత్త నాలుగు చిన్న పట్టికలు తయారుచేశాడు. ఒక్కోదాంట్లో 11 బిందువులు. సగటు, వ్యాప్తి, సహసంబంధం (రెండు విషయాలు ఎంతగా కలిసి కదులుతాయో చెప్పే అంకె) నాలుగింటికీ దాదాపు ఒకటే. గ్రాఫ్ గీస్తే ఒకటి గీతకి అటూఇటూ చల్లినట్టు, ఒకటి విల్లులా, ఇంకోటి సూటి గీత మీద ఒక్క బిందువు తప్పిపోయినట్టు, చివరిది ఒకే చోట నిలువుగా పేర్చి ఒక్కటి దూరంగా విసిరేసినట్టు ఉంటాయి. మీరూ షీట్‌లో వేసి చూడండి, పది నిమిషాల పని.

కొత్తలో మూడు గ్రాఫులు చాలు. రోజులు గడిచే కొద్దీ మారేదానికి లైన్ చార్ట్. ఒకే విషయం ఎలా పరుచుకుని ఉందో చూడటానికి హిస్టోగ్రామ్. రెండు విషయాలు కలిసి కదులుతున్నాయా అని చూడటానికి స్కాటర్. గుండ్రంగా ముక్కలు కోసినట్టుండే పై (pie) చార్టు అందంగా ఉంటుంది కానీ ఆరు ముక్కలు దాటితే ఏది పెద్దదో కంటికి తెలియదు, నేను వాడను.

బావ ప్రశ్నకి జవాబు లైన్ చార్టులోనే కనిపించింది. మూడు గుంటల మేత గీతలు ఒకేలా పైకి పోతున్నాయి. బరువు గీతల్లో రెండో గుంటది మాత్రం ఏడో వారం దగ్గర చదునైంది. మేత గీత మాత్రం ఆగలేదు. అంటే రెండు వారాలకి పైగా తినని మేత అడుగుకి చేరింది.

5. కొలత ఎప్పుడు, ఎక్కడ తీశారు?

నీళ్లలో కరిగిన ఆక్సిజన్ని గుంటల మీద అందరూ డీవో అంటారు. పగలు ఎండకి నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా అదే నాచు పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున డీవో అన్నిటికన్నా తక్కువ, సాయంత్రానికి ఎక్కువ. పుస్తకంలో ఒక గుంటకి పొద్దున, ఇంకో గుంటకి సాయంత్రం తీసిన డీవోలు ఉన్నాయి, టైము రాయలేదు. ఆ రెండిటినీ పోల్చి ఏం చెప్పినా అబద్ధమే అవుతుంది. ఆ గడిని నేను వాడకుండా పక్కన పెట్టాల్సి వచ్చింది.

శాంపిల్ కూడా అంతే. మేత చల్లే చోట వల విసిరితే బలంగా ఉన్నవే పడతాయి, గుంట మొత్తం అలాగే ఉందనిపిస్తుంది. నాలుగు మూలల్లో, మధ్యలో విసరాలి. సర్వేలకి కూడా ఇదే వర్తిస్తుంది. బస్టాండులో నిలబడి అడిగితే బస్సు ఎక్కేవాళ్ల మాటే వినిపిస్తుంది.

ఇంకోటి, పుస్తకంలో లేనివాళ్ల గురించి అడగండి. వైట్ స్పాట్ జబ్బు వచ్చి నెలన్నరకే పట్టేసిన గుంటల పుస్తకాలు ఎవరూ దాచుకోరు. చివరిదాకా నిలబడిన పంటల లెక్కలు మాత్రమే తీసుకుని "ఈ సీడ్‌తో (రొయ్య పిల్లలతో) ఎకరాకి ఇంత వస్తుంది" అంటే, పోయినవాటిని లెక్కలోంచి తీసేసినట్టే.

6. కలిసి కదిలితే కారణం అయినట్టు కాదు

ఏరేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు) ఎక్కువ గంటలు తిరిగిన రోజుల్లో చనిపోయినవి ఎక్కువ. స్కాటర్‌లో చక్కగా కనిపిస్తుంది. ఏరేటర్లు చంపుతున్నాయా? మబ్బు పట్టి డీవో పడిపోతుందన్న టెన్షన్‌తో బావ ఆ రాత్రుళ్లు అన్నీ ఆన్ చేశాడు. చావుకీ, ఏరేటర్లు తిరగడానికీ వెనక ఉన్న కారణం ఒకటే, పడిపోయిన ఆక్సిజన్. రెండు విషయాలు కలిసి కదిలినప్పుడల్లా మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇది దానికి కారణమా, అది దీనికి కారణమా, రెండిటి వెనక ఇంకేదైనా ఉందా?

మన దగ్గర ఆ "ఇంకేదైనా" చాలాసార్లు వాన. నెల్లూరుకి వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపు, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2015, 2021 నవంబరు వరదలు ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. ఎండాకాలం పంటకి ఒక కంపెనీ మేత, వానాకాలం పంటకి ఇంకో కంపెనీ మేత వాడి, రెండో మేత బాగాలేదనడం న్యాయం కాదు. మారింది మేత ఒక్కటే కాదు, ఉప్పదనం, ఎండ, కరెంటు కోతలు అన్నీ మారాయి. నిజంగా పోల్చాలంటే ఒకే సీజన్, ఒకే రోజు వదిలిన సీడ్, పక్కపక్క గుంటలు ఉండాలి. అప్పుడు కూడా రెండు గుంటలతో తేలదు, ఇంకొన్ని కావాలి.

7. ఇప్పుడు పనిముట్లు

షీట్‌లో పైవన్నీ చేయగలిగితే పివట్ టేబుల్ నేర్చుకోండి. గుంటవారీగా, వారంవారీగా మొత్తాలు ఒక్క నిమిషంలో వస్తాయి. ఇది చేతికి వచ్చిన రోజు తర్వాత ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేసుని ప్రశ్నలు అడిగే భాష) గ్రూప్ బై అన్నా, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో గ్రూప్‌బై అన్నా కొత్తగా అనిపించదు. చేసేది అదే.

తర్వాత ఎస్‌క్యూఎల్. ఉద్యోగాల్లో డేటా ఉండేది డేటాబేసుల్లోనే కాబట్టి దీన్ని దాటవేయకండి. సెలెక్ట్, వేర్, గ్రూప్ బై, జాయిన్, ఈ నాలుగూ మొదటి నెలకి చాలు. ఆ తర్వాత పైథాన్, అందులో పట్టికల పనికి పాండాస్. ఖరీదైన ల్యాప్‌టాప్ అక్కర్లేదు. గూగుల్ కోలాబ్‌ని బ్రౌజర్‌లో తెరిస్తే చాలు, లెక్కలు వాళ్ల కంప్యూటర్లో నడుస్తాయి. షీట్‌ని సీఎస్‌వీగా (గడుల మధ్య కామాలు పెట్టిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) దించి కోలాబ్‌లోకి ఎక్కించి, మీరు షీట్‌లో ముందే కనుక్కున్న జవాబులే మళ్లీ రాబట్టండి. జవాబు తెలిసిన లెక్కని కొత్త పనిముట్టుతో చేస్తే తప్పు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది.

ఈ దశలో కోర్సులు పనికొస్తాయి. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో పాఠాలు చూడటం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కట్టాలి. డేటా సైన్స్ సాధన చేసే సైటు కాగుల్‌లో పాండాస్, ఎస్‌క్యూఎల్ మీద చిన్న ఉచిత కోర్సులున్నాయి. డిగ్రీయే కావాలంటే ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ బీఎస్ ఉంది. లక్షలు కట్టమనే చోటికి వెళ్లే ముందు వీటిలో ఒక్కటి పూర్తిచేసి చూడండి. ఇంగ్లిష్ మాటలకి భయపడేవాళ్లు, కొత్త పదం ఎదురైనప్పుడల్లా మీ పుస్తకంలోంచి ఒక ఉదాహరణతో దాని అర్థం తెలుగులో రాసుకోండి. గణాంక శాస్త్రంలో ప్రపంచం గౌరవించే పేర్లలో ఒకటి మన సీ.ఆర్. రావు గారిది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. 1945లో ఆయన రాసిన వ్యాసం ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. 2023లో, 102 ఏళ్ల వయసులో, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకున్నారు.

8. మొదటి మోడల్

మోడల్ అంటే ఇప్పటిదాకా జరిగినదాన్ని చూసి జరగబోయేదాన్ని అంచనా వేసే సూత్రం. మొదటిది లీనియర్ రిగ్రెషన్ (బిందువులకి దగ్గరగా పోయే సూటి గీత గీసి అంచనా వేసే పద్ధతి) అయితే చాలు: గుంట వయసు, గత వారం బరువు ఇచ్చి వచ్చే వారం బరువు అడగండి.

దానికన్నా ముందు ఒక మోటు అంచనా పెట్టుకోండి. "పోయిన వారం ఎంత పెరిగిందో ఈ వారం కూడా అంతే పెరుగుతుంది" అన్నది. మీ మోడల్ దీన్ని ఓడించకపోతే దాంతో పనిలేదు.

పరీక్ష కోసం కొంత డేటాని మోడల్‌కి చూపించకుండా దాచాలి. పాఠాల్లో యాదృచ్ఛికంగా తీసి దాచమంటారు. రోజువారీ లెక్కలకి అది కుదరదు. పదో వారం చూపించి తొమ్మిదో వారం చెప్పమంటే పరీక్ష పేపరు ముందే ఇచ్చినట్టు. మొదటి వారాలతో నేర్పి చివరి వారాలతో పరీక్షించండి, ఇంకా మంచిది, రెండు పంటలతో నేర్పి మూడో పంటతో పరీక్షించండి. పట్టుబడి నాటికి గానీ తెలియని అంకె ఏదీ మోడల్‌కి ఇచ్చే వాటిలో లేకుండా చూసుకోండి. ఫలితం నమ్మలేనంత బాగా వస్తే నేను ముందు వెతికేది దాన్నే.

9. ఊరు దాటి బయటి డేటా

ఒక పుస్తకం పూర్తయ్యాక ప్రభుత్వ డేటా తీసుకోండి. కేంద్రం 2012లో తెరిచిన డేటా డాట్ గవ్ డాట్ ఇన్‌లో వ్యవసాయం, వానలు, జనాభా పట్టికలు దొరుకుతాయి. మన జిల్లాల వాళ్లకి అక్కడ ఒక గుంత ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల హద్దులు మారాయి. కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చింది, గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి, చీరాల, అద్దంకి బాపట్లలో కలిశాయి. ఇది చూసుకోకుండా 2021, 2023 పక్కపక్కన పెడితే ప్రకాశంలో పంటంతా ఎవరో ఎత్తుకుపోయినట్టు కనిపిస్తుంది. మండలవారీ లెక్కలు తీసుకుని, పాత హద్దుల ప్రకారమో కొత్త హద్దుల ప్రకారమో మీరే కూడుకోవాలి.

10. తేలింది ఒక్క పేజీలో చెప్పండి

బావకి నేను ఇచ్చిన పేజీలో ఒక గ్రాఫ్, నాలుగు వాక్యాలు. రెండో గుంట ఏడో వారం నుంచి ఎదగలేదు. మేత మాత్రం తగ్గించలేదు. ఎందుకు ఎదగలేదో ఈ పుస్తకంతో తేలదు, ఎందుకంటే డీవో ఏ టైములో తీశారో రాయలేదు. వచ్చే పంటకి వారం వారం శాంపిల్ చూసి, ఎదుగుదల ఆగితే అదే వారం మేత తగ్గించి చూడాలి. పాండాస్, రిగ్రెషన్ అనే మాటలు ఆ పేజీలో లేవు.

ఆయన చదివి, "చెక్ ట్రేలో మిగిలిన మేత రాసుంటే ముందే తెలిసేదా?" అని అడిగాడు. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడటానికి గుంటలోకి దించే పళ్లెమే చెక్ ట్రే. తెలిసేదన్నాను. ఈ పంటకి పుస్తకంలో రెండు కొత్త గడులు గీసుకున్నాం: డీవో తీసిన టైము, ట్రేలో మిగులు. కాపలా అతనికి బస్తాల్లో కాదు, కిలోల్లో రాయమని మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలతో రాశాం. పదిహేను రోజులకి ఒకసారి ఆదివారం కూర్చుని షీట్‌లోకి ఎక్కిస్తున్నాం.